కొండ వైపు తిప్పిన పైపు

మా ఊళ్ళో ఫోను పలకకపోతే జనం కొండను తిట్టేవాళ్ళు.

ఉదయగిరి కొండ అది. పాత కోట గోడలను నెత్తిన పెట్టుకుని, మా మిద్దె మీది నుంచి చూస్తే వాయవ్యంగా, నీలంగా కనబడేది. ఎంతమంది రాజులు మారినా కదలని కొండ. ఫోను ఆదివారం పలికి సోమవారం పలకకపోతే, మధ్యలో కొండ లేచి వచ్చి అడ్డం నిలబడిందా అని ఒక్కరికైనా అనుమానం రాలేదు. తప్పు మోయడానికి మనుషులకు ఏదో ఒకటి కావాలి. కొండైతే తిరిగి ఏమీ అనదు.

తొంభైల చివరి సంగతి. ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ ఉన్న మా ఊరికి ఫోను తీగలు రాలేదు. తీగ లేకుండా గాలిలో పలికే ఫోనొకటి పెడతామని టెలిఫోనువాళ్ళు వచ్చారు. ఉదయగిరిలో టవరు ఉంటుంది. ఊళ్ళో ఒక ఇంటి మిద్దె మీద ఇనప పైపు నిలబెట్టి, దాని కొసన చేప ముల్లు లాంటి యాంటెన్నా బిగిస్తారు. పక్కన ఎండ తాగే సోలారు పలక, కింద ఇంట్లో బ్యాటరీ పెట్టె, దాని మీద ఫోను. తీగ లేదు కనుక తెగే భయం లేదని చెప్పారు. నిజమే, ఎన్నడూ తెగలేదు.

దాన్ని మా ఇంట్లో పెట్టడానికి రెండు కారణాలు. మాది మిద్దె ఇల్లు. రెండోది, నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా కుడికాలు సన్నబడింది. బడి మూడు మైళ్ళు. అందుకని క్రైస్తవ మిషను బళ్ళో పాఠాలు చెప్పే మా నాయన సాయంత్రం ఇంటికొచ్చి అవే పాఠాలు నాకు మళ్ళీ చెప్పేవాడు. లెక్క తప్పు వస్తే కొట్టేవాడు కాదు. "ఒక్కొక్క మెట్టు వెనక్కి పో. అన్నీ ఒక్కసారి మార్చబాక. ఒకటి మార్చి చూడు" అనేవాడు. ఆయన పోయాక నాకు మిగిలినవి అమ్మ, ఆ మిద్దె, సగం ఖాళీగా ఉన్న ఆయన బడి హాజరు పట్టీలు నాలుగు. ఈ మాటలు రాసేటప్పుడు కూడా ఆయన కోసం దేవునికి స్తోత్రం చెప్పుకునే మొదలుపెట్టాను. బడికి పోయినవాళ్ళను ఆ తర్వాత చాలామందిని చూశాను మరి.

ఫోను బిగించినవాడు దిగిపోతూ ఒక మాట అన్నాడు. "పైపు జాగ్రత్త. దిక్కు మారితే మాట రాదు." ఏ దిక్కో చెప్పలేదు. బస్సుకు టైమయిందట.

ఆ మాటను పట్టుకున్నవాడు మా పక్కింటి మామ. మేనమామ కాడు, వరస మామ. ఆత్మకూరులో బస్సులు నిలిపేచోట వాచ్‌మన్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరై వచ్చాడు. ఏ బస్సు ఎటు పోతుందో ఆయనకు తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అందుకని మాట కూడా బస్సు లాగే పోతుందని ఆయన తేల్చాడు. నెల్లూరికి మాట్లాడాలంటే పైపు నెల్లూరు వైపు తిప్పాలి. కలువాయికైతే కలువాయి వైపు. పైపు అడుగున నట్లు వదులు చేసి, సులువుగా తిరగడానికి గ్రీజు పూశాడు. చర్చి గోడలకు వేయగా మిగిలిన సున్నంతో మిద్దె మీద చుట్టూ గీతలు గీసి నెల్లూరు, ఆత్మకూరు, కలువాయి, అనంతసాగరం, ఉదయగిరి అని రాయించాడు. రాసింది నేనే. అప్పటికి నాకూ తెలియదు. ఆ ఒక్క సిగ్గు నాకూ ఉంది.

ఫోను చేసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు మిద్దె ఎక్కేవాళ్ళు. చెక్క గరిటెలు చేసే ఇంటి మనిషి ఒకసారి హైదరాబాదులో షాపతనితో మాట్లాడాలని వచ్చింది.

"హైదరాబాదు ఎటుండాది మామా?"

"బస్సు యాడ ఎక్కుతావు?"

"ఆత్మకూరులో."

"అయితే ఆత్మకూరు వైపు తిప్పు."

"ఉదయగిరి మీదగా గూడా ఒక బస్సు పోతాది గదా."

"అది పల్లె బస్సు మే. ఆగి ఆగి పోతాది. మాట ఎక్స్‌ప్రెస్సులో పోవాల."

ఆమె ఆత్మకూరు వైపు తిప్పించుకుని కిందికొచ్చి, ఫోనులో పావుగంట బుస్సుమనే శబ్దం విని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మామ మెట్ల మీద నిలబడి, "మనం తిప్పినాం. వాళ్ళు అటునుంచి మనవైపు తిప్పుకోవద్దా" అన్నాడు. అక్కడున్న నలుగురూ తల ఊపారు. తల ఊపడంలో మా ఊరివాళ్ళంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదు.

ఇదంతా నవ్వుకుని వదిలేసేదాన్నే. చెల్లెలి విషయం రాకపోతే.

నా చెల్లెలు నెల్లూరులో ఉండేది. మొదటి కాన్పులో రక్తం పోయి ప్రాణం మీదికి వచ్చింది. బిడ్డ దక్కలేదు. రెండోసారి నెలలు నిండుతుండగా డాక్టరమ్మ ఆపరేషన్ తప్పదంది. రక్తం సిద్ధంగా లేకుండా కత్తి పట్టుకోనంది. దానిది తేలిగ్గా దొరకని రక్తం. మా ఇంట్లో అదే రక్తం ఉన్నది నాకొక్కదానికే. రోజు ముందుగా చెప్పలేమనీ, నొప్పులు మొదలైతే ఫోను చేస్తామనీ, ఆ పూటే బయల్దేరి రావాలనీ అన్నారు.

ముందే పోయి అక్కడ ఉండొచ్చు గదా అంటారు. తుంటి విరిగి అమ్మ మంచంలో ఉంది. మామ భార్య, మా అత్త, రెండు రోజులైతే చూస్తానంది. అంతకుమించి ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె ఇంట్లోనూ మంచంలో లేకపోయినా అంతే పని పెట్టే మనిషి ఒకడున్నాడు. టెలిగ్రామిస్తే ఆత్మకూరు దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సెక్కి, నడిచి మా ఇంటికి చేరేసరికి మర్నాడవుతుంది. చెల్లెలి పక్కన ఉన్నది దాని భర్త ఒక్కడే. అతను వదిలి రాలేడు. కాబట్టి నా ముందుగదిలో బ్యాటరీ పెట్టె మీద కూర్చున్న ఆ వస్తువు పలికితీరాలి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం అది మోగింది. ఆసుపత్రి ఎదుట ఉన్న ఎస్టీడీ బూతు నుంచి మరిది.

"వదినా, డాక్టరమ్మ చెప్పింది... వారం..."

అక్కడితో బుస్సు. వారం లోపలా, వారం తర్వాతా, వారం కిందటే చెప్పిందా? ఎంత అరిచినా అటునుంచి వానలో రేకు మీద చినుకుల మోత తప్ప ఇంకేమీ లేదు. ఫోను పెట్టేసి కాసేపు ప్రార్థన చేసుకున్నాను. తర్వాత చీర మార్చుకుని, అమ్మను అత్తకు అప్పగించి, ఉదయగిరి బస్సెక్కాను.

టవరు పక్కన బాడుగ గదిలో, ఆ ఫోన్లు బిగించే కాంట్రాక్టరు మనిషి ఒకడు మెకానిక్కు పేరుతో ఉండేవాడు. నేను పోయేసరికి కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాళ్ళు పెట్టుకున్నాడు. నేను కర్ర పట్టుకుని నిలబడితే, కాళ్ళు తీయాలా వద్దా అని ఆలోచించి, తీయకూడదని తేల్చుకున్నాడు.

"ఏ ఊరమ్మా?"

చెప్పాను.

"ఆ ఊరికి కొండ అడ్డం. సిగ్నలు అందదు."

"ఒక్కో రోజు బాగా పలుకుతాది గదా సార్."

"వాతావరణం."

"ఎట్టాంటి వాతావరణంలో పలుకుతాదో చెప్తే రాసుకుంటాను."

అప్పుడు నన్ను సరిగ్గా చూశాడు. "ఎందాక చదివినావమ్మా?"

"బడికి పోలేదు సార్."

అతని మొహంలో నెమ్మది కనబడింది, మోయాల్సిన బరువు దిగినట్టు. "ఇవి తరంగాలమ్మా. కంటికి కనపడవు. చెప్పినా నీకు అర్థం గావు."

"కంటికి కనపడనిదాన్ని నమ్ముకునే ఇంట్లోనే పుట్టినాను సార్. మీరొకసారి వచ్చి పైపు చూస్తే చాలు."

పుస్తకం తీసి మా ఊరి పేరు రాసి, ఎదుట 'కొండ' అని రాశాడు. అంతకుముందు పేజీల్లో కూడా వరసగా అదే మాట కనబడింది. ఆ మనిషికి జీతమిచ్చేవాళ్ళు అతన్ని తీసేసి ఆ గదిలో ఒక రబ్బరు స్టాంపు పెట్టినా పని జరిగేది. స్టాంపు కాళ్ళు చాపదు.

బయటికి వచ్చి, చెక్క గరిటెలమ్మే కొట్టు అరుగు మీద బస్సు కోసం కూర్చున్నాను. కొట్టామె మంచినీళ్ళిచ్చింది. అమ్మకు గంజి కలపడానికి బాగుంటుందని పొడుగు కాడ గరిటె ఒకటి తీసుకున్నాను. ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఎదుట టవరు. టవరు వెనక కొండ. మా ఊరికి పోయే రోడ్డు ఇటు నా వైపు, కొండకు ఎదురుగా, ఆగ్నేయంగా, చదును చేల మీదుగా సాగిపోతోంది. నడుమ ఒక మిట్ట కూడా లేదు.

ఇంకోసారి చూశాను, నా కళ్ళే తప్పేమోనని. కొండ టవరు వీపు వెనక ఉంది. వెనక ఉన్నది అడ్డమెలా అవుతుంది? ఆ మెకానిక్కు రోజూ ఆ కొండ నీడలో భోజనం చేస్తాడు. తలెత్తి చూడలేదు. చదువుకున్నవాడు కనుక చూడాల్సిన పని లేకపోయింది.

ఇంటికొచ్చి హాజరు పట్టీ తీశాను. ఫోను పెట్టిన రోజు నుంచీ నాయన గళ్ళలోనే దాని సంగతి రాస్తూ వచ్చాను. ఎవరు చేశారు, ఏ వేళకు, ఏ ఊరికి, మాట వినబడిందా లేదా. వినబడితే హాజరని 'హా', లేకపోతే గైరుహాజరని 'గై'. బడి పిల్లలకు నాయన అలాగే వేసేవాడు. ఆ పూట ఊరి పేరు పట్టుకుని ఒక్కొక్క గడీ కిందికి చదివాను. ఉదయగిరి ఎదుట అన్నీ 'హా'లే. ఒక్కటీ తప్పలేదు. దగ్గర గదా, అందుకే పలుకుతుంది అనేవాళ్ళు అందరూ. అనంతసాగరం కూడా ఇంచుమించు అంత దూరమే. దాని ఎదుట అన్నీ 'గై'లు. నెల్లూరు ఎదుట 'గై'ల మధ్యలో ఒక్క 'హా' ఉంది. అది మరిది చేసిందే, అంతకుముందు నెలలో. ఆ వేళ చాలా శుభ్రంగా వినబడింది. దానికి పైగడిలో చూస్తే, పావుగంట ముందు ఎవరో ఉదయగిరికి చేసుకుని పోయారు. పోతూ పైపును అలాగే వదిలేశారు.

నాయన పక్కన కూర్చుని లెక్క చేయించినట్టే అనిపించింది. పైపు చూడాల్సింది మనం మాట్లాడే ఊరిని కాదు. టవరును. మాట ముందు అక్కడికి పోయి, అక్కడి నుంచి తీగల మీద ఎక్కడికైనా పోతుంది. నెల్లూరుతో మాట్లాడాలన్నా ఉదయగిరి వైపే. ఎవరితో మాట్లాడాలన్నా ఉదయగిరి వైపే. ఇన్నాళ్ళూ అందరూ తిట్టిన ఆ కొండే గురి.

మర్నాడు మధ్యాహ్నం మగవాళ్ళంతా చేల మీద ఉండగా మిద్దె ఎక్కాను. మాకు పిట్టగోడ లేదు, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదు. నేను మెట్లెక్కడమంటే కూర్చుని, చేతులతో ఒక్కొక్క మెట్టు పైకి జరగడమే. పైన పైపు అనంతసాగరం వైపు చూస్తోంది. పట్టుకుని తిప్పాను. మామ గ్రీజు పుణ్యాన నా చేతికి కూడా తిరిగింది. చేప ముల్లు కొసను కోట గోడల కిందికి, కొండ అడుగుకు గురిపెట్టి కిందికి జరిగి వచ్చాను. బూతు నంబరు తిప్పాను.

"హలో" అన్నాడు బూతు అతను. నేను వెనక్కి తిరిగి చూశాను. గదిలో ఎవరో అన్నట్టే ఉంది. అతని వెనక టీ గ్లాసుల చప్పుడు, రిక్షా గంట కూడా వినబడ్డాయి. మరిదిని పిలిపించమన్నాను. పది నిమిషాలకు వచ్చాడు.

"వారం లోపలే ఎప్పుడైనా రావచ్చు వదినా. నొప్పులు మొదలైతే పొద్దున్నే చేస్తా. నీ గొంతు ఇంత బాగా ఎట్టా వినిపిస్తా ఉండాది?"

"పైపు తిప్పినాను."

"మా వైపా?"

అతనూ అంతే.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర మామకూ, సంఘంలో పెద్దలకూ సంగతి చెప్పాను. మామ పూర్తిగా విన్నాడు. వినడం ఆయనకు అలవాటు లేని పని కనుక అలిసిపోయినట్టు కనబడ్డాడు.

"అంటే నెల్లూరికి వీపు చూపించి నెల్లూరుతో మాట్లాడినావు."

"మాట ముందు ఉదయగిరికి పోవాల మామా. టవరు అక్కడ గదా ఉండేది. అక్కడి నుంచి నెల్లూరు పోతాది."

"అంటే మన ఊరి నుంచి నెల్లూరు పోవాలంటే, ముందు ఎదురుదిక్కుకు ఉదయగిరి పోయి, మళ్ళా మన ఊరి మీదగానే నెల్లూరు పోవాల. అట్టా ఏ కండక్టరన్నా టికెట్టు కొడతాడా మే?"

అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా చేతిలోని పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను హాజరు పట్టీ చూపించాను. మామ దాన్ని తిరగేసి, "మీ నాయన రాత మాదిరే ఉండాది" అని మెచ్చుకుని తిరిగి ఇచ్చేశాడు. లోపల ఏముందో చదవలేదు.

వాదించలేదు. ఒక్కటే అడిగాను. "నా చెల్లెలు కాన్పయ్యేదాకా పైపు ఎవరూ ముట్టుకోవద్దు. ఇంతే."

"ముట్టుకోం" అన్నారు. పాస్టరు గారు అక్కడే చెల్లెలి కోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేనులో కపటం లేదు. అదే నా ఖర్మ.

ఆ తర్వాత ప్రతి ఉదయం లేవగానే ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకునేదాన్ని. తుమ్మెద మూలిగినట్టు సన్నటి మోత వినబడితే చాలు, స్తోత్రం చెప్పుకుని గంజి పొయ్యి మీద పెట్టేదాన్ని. మూడు రోజులు అలాగే జరిగింది. నాలుగో రోజు గంజి కలుపుతున్నదాన్ని గరిటె చేతిలోనే పెట్టుకుని పోయి ఫోనెత్తాను. బుస్సుమంది.

బ్యాటరీ చూశాను. పచ్చ లైటు వెలుగుతోంది. కింద ఏ లోపమూ లేదు. గరిటెతోనే మెట్లు పట్టాను. పైకి జరిగి తల ఎత్తేసరికి చేప ముల్లు ఆగ్నేయాన్ని చూస్తోంది. సూటిగా నెల్లూరు వైపు. తిరగకుండా కంచె తీగతో నాలుగు చుట్లు చుట్టి, రెండో కొసను సోలారు పలక కాలికి కట్టారు. పక్కన పెద్ద బండరాయి. అంత కష్టపడి కట్టిన ముడి మా ఊళ్ళో గొడ్లకు కూడా వేయరు.

కింది నుంచి మామ గొంతు వచ్చింది. "ముట్టుకోబాక మే. నీ చెల్లెలి కోసరమే కట్టినాం."

"ఎప్పుడు కట్టినారు?"

"నిన్న సాయంత్రం. మీ అమ్మకు నువ్వు నీళ్ళు పోస్తా ఉంటివి. నెల్లూరు నుంచి గదా ఫోను రావాల్సింది. ఎవడన్నా కలువాయికి తిప్పిపోతే ఎట్టా అని సంఘంలో అనుకున్నాం. నలుగురం ఎక్కినాం."

"ముట్టుకోమంటిరి గదా."

"ఇంకెవురూ ముట్టుకోకుండానే కట్టినాం."

"పటకారు ఇయ్ మామా."

"నెల్లూరు నుంచి ఫోను రావాల్నా, వద్దా?"

"రావాల. పటకారు ఇయ్."

ఇవ్వలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నేను ఆడుతున్నది చిన్నపిల్ల ఆటైనట్టు. గరిటె కాడను తీగ ముడి లోపల దూర్చి మెలితిప్పాను. ఉదయగిరి కర్ర అది. వంగింది గానీ విరగలేదు. ఒక్కొక్క చుట్టూ ఊడదీస్తుంటే వేళ్ళు చీరుకున్నాయి. రక్తం ఇవ్వాల్సిన చోటు ఇది కాదని మనసులో అనుకున్నాను. చివరి చుట్టు ఊడాక పైపు తిప్పి, కొండ అడుగుకు గురిపెట్టి, కిందికి జరిగాను. ఫోనెత్తితే తుమ్మెద మోత.

బూతుకు చేశాను. "అక్కా" అన్నాడు అతను, నేను పేరు చెప్పకముందే. "అయిదున్నర నుంచి మీ మరిది చేస్తానే ఉన్నాడు. పోదు, పోదు. ఇప్పుడే లోపలికి పోయినాడు. నొప్పులు మొదలైనాయంట. బయలుదేరక్కా. నేను పోయి చెప్తా."

అత్త నా మొహం ఒక్కసారి చూసింది. పొయ్యి దగ్గరికి పోయి గంజి దించింది. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. బయటికొస్తుంటే మామ, "చూసినావా, ఫోను వచ్చేసింది" అన్నాడు. రాలేదు, నేనే చేశానని చెప్పడానికి బస్సు ఆగదు.

ఆత్మకూరులో బస్సు మారాను. కండక్టరు నా కర్ర చూసి ముందు సీటు ఖాళీ చేయించాడు. దారి పొడుగునా నా పెదవుల మీద ప్రార్థన, నా మనసులో మామ. రెండూ ఒకేసారి ఉండకూడదని తెలుసు. ఉన్నాయి. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ బల్ల దగ్గరే నిలబడి ఉంది. "ఇంకో అరగంట చూసి, లేకపోయినా మొదలుపెట్టేద్దామనుకున్నా" అంది. లేకపోయినా అంటే ఏమిటో నేను అడగలేదు. చెయ్యి చాపాను. నా రక్తం సీసాలోకి దిగుతుంటే నాయన గుర్తొచ్చాడు. ఒక్కొక్క మెట్టు వెనక్కి పో అనే ఆ గొంతు.

చెల్లెలు దక్కింది. ఆడపిల్ల పుట్టింది. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెప్పుకున్నాను. డాక్టరమ్మకు, బూతు అతనికి, ముందు సీటు ఇప్పించిన కండక్టరుకు, అత్తకు, గరిటె చేసిన ఊరూ పేరూ తెలియని చేతులకు. మామ దగ్గరికొచ్చేసరికి నోరు కదల్లేదు. సరే, ఇంటికి పోయాక చూద్దామనుకున్నాను.

మూడో రోజు ఇంటికొచ్చి, లోపలికి పోకముందే మిద్దె వైపు చూశాను. పైపు నెల్లూరు వైపు తిరిగి ఉంది.

"నీ సంగతి కనుక్కుందామని ఆసుపత్రికి చేసినాం" అన్నాడు మామ. "నెల్లూరుకు సరీగా గురిపెట్టినాం. అయినా పలకలేదు. ఆసుపత్రిలో మనుషులు ఎత్తరనుకుంటా."

ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ మామ నా కంటే ముందు లేచాడు. సంఘం చేసిన ప్రార్థన దేవుడు విన్నాడనీ, నెల్లూరు వైపు పైపు కట్టిన మర్నాడే ఫోను వచ్చిందనీ, నమ్మకముంటే ఇనుము కూడా పలుకుతుందనీ చెప్పాడు. చర్చంతా స్తోత్రమంది. నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పొచ్చు. ముందు వరసలో అత్త కూర్చుని ఉంది. నేను లేని రెండు రోజులూ అమ్మ కింద గుడ్డలు మార్చిన చేతులు ఆమె ఒళ్ళో ఉన్నాయి. దేవునికీ, అత్తకూ పేరుపేరునా కృతజ్ఞత చెప్పి కూర్చున్నాను. పైపు మాట ఎత్తలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదని ఆయన నమ్మకం. చేతగానితనాన్ని క్షమించడం పాపాన్ని క్షమించడం కంటే కష్టమని ఆ వేళ నాకు తెలిసింది.

సోమవారం మేస్త్రీని పిలిపించాను. పైపును కొండ అడుగుకు గురిపెట్టించి, నట్లు బిగించి, చుట్టూ ఇటుక పేర్పించి, మోకాలెత్తున సిమెంటు పోయించాను. సున్నం గీతలన్నీ ఆ సిమెంటు కింద పడిపోయాయి. మామ మెట్ల మీద నిలబడి మొదటి నుంచీ చివరిదాకా చూశాడు.

"ఉదయగిరి వైపు పెట్టి పూడ్చేస్తే ఎట్టా మే? ఇంక నెల్లూరు సంగతేంది?"

"నెల్లూరుకు నడిచి పోదువులే మామా."

ఆ తర్వాత ఫోను రోజూ పలికింది, అన్ని ఊళ్ళకూ. హాజరు పట్టీలో 'గై' రాయాల్సిన పని దాదాపు లేకపోయింది. వాతావరణం బాగుపడిందని మా ఊళ్ళో అనుకున్నారు. మెకానిక్కు ఆ ఏడాదిలో ఒకసారి వచ్చి, ఫోనెత్తి విని, తన పుస్తకంలో మా ఊరి ఎదుట 'సరిచేయబడినది' అని రాసుకుపోయాడు. మిద్దె ఎక్కలేదు.

సాయంత్రం ప్రార్థనలో ఇప్పటికీ అందరి పేర్లూ వరసగా చెప్పుకుంటాను. చెల్లెలు, దాని కూతురు, అత్త, బూతు అతను. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కట్టిన ముడికి కృతజ్ఞత చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను, రాలేదు. గ్రీజుకు మాత్రం చెప్పుకుంటాను. దానికైతే మనస్ఫూర్తిగా.